పట్టాలున్నాయి, వేసిన చేతులేవి? - డానర్ కనుమ రైలు ఆట గురించి

కంప్యూటర్లో రైలు నడిపే ఆట మీద ఈ పత్రికలో వ్యాసమేమిటని అడిగేవాళ్ళుంటారు. చరిత్రను ఇప్పుడు పుస్తకాలు మాత్రమే రాయడం లేదు. సినిమా రాస్తున్నది, మ్యూజియం రాస్తున్నది, ఆట కూడా రాస్తున్నది. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ వచ్చినప్పుడు, కొత్త మార్గాలు కట్టుకునే పనిముట్లు కూడా ఆటతోపాటే కొన్నవాళ్ళ చేతికొచ్చాయి. అప్పటినుంచి పాత రైలు మార్గాలను ఇష్టంగా, ఏళ్ళ తరబడి, తెరమీద తిరిగి కట్టేవాళ్ళు ఒక జాతిగా తయారయ్యారు. కాలిఫోర్నియాలోని డానర్ కనుమ వాళ్ళకు ప్రియమైన చోటు. డొవ్‌టెయిల్ కంపెనీ ఆటలో సదరన్ పసిఫిక్ కాలపు డానర్ మార్గం ఉంది. మేము మాట్లాడేది ఏదో ఒక్క ఆట గురించి కాదు, ఈ కట్టుబడి పద్ధతి గురించి.

ముందు దీనికి దక్కాల్సిన మెప్పు దక్కాలి. సముద్రమట్టానికి కొద్ది అడుగుల పైనున్న శాక్రమెంటోలో బయలుదేరి, వంద మైళ్ళ పైచిలుకు నడిచి, సుమారు 7,000 అడుగుల శిఖరం ఎక్కాలి. బరువు బండి వెనక్కి గుంజుతుంటే ఇంజన్ ఎట్లా రొప్పుతుందో, దిగేటప్పుడు బ్రేకు ఎంత జాగ్రత్తగా పట్టాలో ఏ చరిత్ర పుస్తకమూ ఇంత బాగా చెప్పదు. కొండ ఎంత కొండో చేతికి తెలుస్తుంది. పైగా, శిఖరం కింది పాత సొరంగం గుండా పోయే పట్టాలను 1993లో పీకేశారు. ఆ సొరంగంలో ఇవాళ రైలు నడవగలిగే చోటు తెర ఒక్కటే.

మా తగవు ఆ సొరంగం దగ్గరే. దాని పొడవు 1,659 అడుగులు. గట్టి నల్లరాయి లాంటి గ్రానైటు. 1866, 67 సంవత్సరాల్లో రెండు కొసల నుంచీ, నడుమ బావిలాగా దించిన గుంతలోంచి రెండువైపులకూ, నాలుగు ముఖాల మీద తవ్వారు. నల్లమందు పేల్చినన్నాళ్ళూ ఒక్కో ముఖం మీద రోజుకు ఒక అడుగు సాగితే గొప్ప. తర్వాత నైట్రోగ్లిసరిన్ తెచ్చారు. తవ్విన వాళ్ళలో అత్యధికులు చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చిన కూలీలు. సెంట్రల్ పసిఫిక్ కంపెనీ పనివాళ్ళలో ఒక దశలో నూటికి ఎనభై, తొంభైమంది వాళ్ళే. మంచుపెళ్ళలు విరిగిపడి గుడిసెలతో సహా కూరుకుపోయిన వాళ్ళ శవాలు మంచు కరిగాక దొరికాయి. ఎంతమంది చచ్చారో కంపెనీ లెక్క పెట్టలేదు. సిమ్యులేటర్లో గంటకు 20 మైళ్ళ వేగంతో పోతే ఈ సొరంగం 57 సెకన్లు. తెర నల్లబడుతుంది, మళ్ళీ వెలుగొస్తుంది.

ఈ ఆటలు కట్టేవాళ్ళకు 'అసలుకు నకలు' అన్నది పెద్ద వ్రతం. ఇంజన్ మీద రివెట్లు లెక్కపెట్టేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు, వాళ్ళను ఆ పేరుతోనే పిలుస్తారు కూడా. పట్టా పటాలు, వాలు లెక్కలు, టైంటేబుళ్ళు, పాత ఫోటోలు సంపాదిస్తారు. దస్తావేజు ఉన్నదే తెరమీదికొస్తుంది. మరి దస్తావేజు ఎవరిది? కంపెనీ జీతాల పట్టీల్లో చైనా కూలీలు చాలామట్టుకు పేరుపేరునా లేరు. ముఠా పెద్ద పేరు రాసి, ఇన్ని పనిదినాలు, ఇంత సొమ్ము అని వేశారు. మేస్త్రి పేరు కింద వాడమొత్తం మాయమయ్యే హాజరుపట్టీ మన పాఠకులకు కొత్తది కాదు. ఆ కూలీలు రాసుకున్న ఉత్తరం గాని, డైరీ గాని ఒక్కటీ పరిశోధకులకు దొరకలేదు. కాబట్టి రివెట్టుకు ఆధారం ఉంది, మనిషికి లేదు. నకలు ఎంత నిజాయితీగా తీస్తే కంపెనీ చూపు అంత నిజాయితీగా దిగుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. సదరన్ పసిఫిక్ వాళ్ళ ఆవిరి ఇంజన్లలో డ్రైవరు గదిని ముందుకు తెచ్చిన రకం ఒకటుంది. సొరంగాల్లో, మైళ్ళకొద్దీ మంచు కప్పుల కింద, పొగకు డ్రైవరు ఉక్కిరిబిక్కిరి కాకుండా యంత్రాన్నే తిప్పి కట్టారు. ఆట ప్రియులకు ఈ ఇంజనంటే ప్రాణం. డ్రైవరు ఊపిరికి విలువ ఉంది గనక దాని గుర్తు ఇనుములో మిగిలింది. రాయి పేల్చినవాడి ఊపిరి ఏ ఇనుములో మిగలాలి? ఆట మనల్ని కూర్చోబెట్టేది ఆ డ్రైవరు కుర్చీలోనే. అమెరికాలో ఇంజన్ డ్రైవర్ల సంఘం చాలాకాలం తెల్లవాళ్ళకు మాత్రమే తలుపు తెరిచిందన్న సంగతి ఆ కుర్చీ చెప్పదు. వెనక పడకపెట్టెల్లో నల్లజాతి పోర్టర్లు పేరు పోయి అందరూ 'జార్జ్'గా పిలవబడ్డారనీ, 1925లో సంఘం పెట్టుకుని 1937లో గాని పుల్‌మన్ కంపెనీతో ఒప్పందం సాధించలేదనీ చెప్పదు. పెట్టెలు మాత్రం రంగుతో సహా సరిగ్గా ఉంటాయి.

ఇంకొకటి. సిమ్యులేటర్లో పట్టా అరగదు. స్లీపరు కుళ్ళదు, కంకర కుంగదు, వాన పడ్డా కట్ట కోసుకుపోదు. ఒకసారి వేస్తే వేసినట్టే. మాలో గ్యాంగుమన్ల ఇండ్లల్లోంచి చదువుకొచ్చిన వాళ్ళున్నారు. తెల్లారకముందే సుత్తీ స్పానరూ మోసుకుని మైళ్ళకొద్దీ పట్టా వెంట నడిచే కీమన్ లేకుండా రైలు ఒక్కరోజు నడవదని మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. శ్రమే అవసరం లేని రైలు ఈ ఆట కనే కల. దాన్ని 'వాస్తవికత' అని పిలుస్తుంటే మాకు నవ్వొస్తుంది.

'ఇది రైలు నడిపే ఆట, సాంఘికశాస్త్రం కాదు' అంటారు. సరే. మరి ఆవులెందుకు, రేకు మీద తుప్పెందుకు? రైలుకు పనికిరానివి ఎన్ని పెట్టలేదు! పోనీ టోపీలు పెట్టుకున్న చైనా బొమ్మల్ని పట్టాల పక్కన చెట్లలాగా నాటితే తృప్తిపడతామా? అది ఇంకా అన్యాయం. మనిషిని దృశ్యంలో వస్తువు చేయడం మనకు సినిమాలు చాలానే చూపించాయి.

1867 జూన్‌లో ఆ కొండమీద వేలమంది చైనా కూలీలు పనిముట్లు కింద పెట్టారు. కూలి పెంచాలనీ, పనిగంటలు తగ్గించాలనీ అడిగారు. తెల్ల కూలీకి జీతంతోపాటు తిండీ బసా కంపెనీదే, వీళ్ళ తిండి వీళ్ళే చూసుకోవాలి. కంపెనీ పెద్దల్లో ఒకడైన చార్లెస్ క్రోకర్ కొండమీదికి తిండి సరఫరా ఆపించాడు. దాదాపు వారానికి సమ్మె విరిగింది. 1869 మే 10న ప్రొమాంటరీలో పట్టాలు కలిశాయి, 1882లో చైనా కూలీలు దేశంలోకి రావడాన్నే నిషేధిస్తూ చట్టం చేశారు. వీటి మధ్య, 1873లో, జోతిబా ఫూలే తన 'గులాంగిరి'ని నల్లవాళ్ళ బానిసత్వాన్ని తీసేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ అమెరికాను ఆయన చూసిన ఆశతోనే మనమూ చూడాలి, కాని పట్టాల కింది అమెరికాను వదిలేసి కాదు.

ఆటలో 'పని' అంటే ఒక బండిని వేళకు చేర్చడం. సమ్మె వారాన్ని కూడా ఒక పనిగా రాయొచ్చు. బండి నిండా బియ్యం మూటలు, పైన కూలీల శిబిరం, బండి కదలొద్దని కంపెనీ హుకుం. ఆడేవాడు ఏం చేస్తాడో చూడాలి. సామగ్రి లేదనడానికి ఇప్పుడు వీల్లేదు. 2012లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చైనా రైలు కూలీల మీద పెద్ద పరిశోధన మొదలైంది (కంపెనీ యజమానుల్లో ఒకడి సొమ్ముతో వెలిసిన విశ్వవిద్యాలయమే అది). ఉత్తరాలు దొరక్కపోయినా పగిలిన గిన్నె పెంకులు, జీతాల పట్టీలు, మునిమనవల నోట మిగిలిన మాటలు పోగుచేశారు. సొరంగం పక్కన కూలీల శిబిరం ఎక్కడుండేదో కూడా తెలుసు. ఈసారి డానర్ మార్గం కట్టేవాళ్ళు ఆ జాగాలో పైన్ చెట్లు నాటే ముందు ఆ పటం ఒకసారి తెరిచి చూడాలి.