సూర్యుని మచ్చలు - షేర్ల ధరలు

ఫలానా నెలలో కొని ఫలానా నెలలో అమ్మిన లాభము తప్పదను మాట నమ్మి, ఉద్యోగ విరమణనాటి సొమ్మును షేర్లలో పెట్టువారు కలరు. ధరలలో ఋతువులను, ఆవర్తనములను వెదకుట పాత సంగతియే. ఆ త్రోవలో ముందు నడచినవారిలో ఆంగ్ల ఆర్థిక శాస్త్రజ్ఞుడు విలియం స్టాన్లీ జెవన్స్ ఒకడు. తర్కములో దిట్ట. అందుచేతనే ఆయన పొరపాటు పరిశీలింపదగినది.

సూర్యబింబముపై మచ్చలు సుమారు 11 ఏండ్ల కొకసారి హెచ్చి తగ్గుచుండును. మచ్చలతో సూర్యతాపము మారును, తాపముతో భారతదేశమున పంటలు మారును, పంట పోయిన రైతు ఇంగ్లండు బట్టలు కొనడు, అంతట లండనులో వర్తకము కూలును - ఇది జెవన్స్ వాదము. ఢిల్లీ గోధుమ ధరలను గూడ సాక్ష్యముగా చూపెను. 1721 మొదలు 1878 వరకు 157 ఏండ్లలో వర్తక సంక్షోభముల నడుమ వ్యవధులు 15 అనియు, సగటు 10.466 ఏండ్లనియు లెక్క తేల్చెను. మచ్చల ఆవర్తనమునకు బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు అప్పు డిచ్చిన విలువ 10.45. ఈ పోలిక చూచి ఎవరికైనను ముచ్చట కలుగును!

ఈ భాగహారమును విద్యార్థులు స్వయముగా చేసి చూడవలెను. 157ను 15చే భాగించుటలో మొదటి సంవత్సరము, చివరి సంవత్సరము, వ్యవధుల సంఖ్య తప్ప మరేమియు లేదు. నడిమి సంక్షోభములు ఎప్పుడు వచ్చినను సగటు మారదు. 1857, 1866, 1878ల నడుమ వ్యవధులు 9, 12 ఏండ్లు. సగటులో ఆ తేడా కానరాదు. జాబితాలో సందేహాస్పదమైన సంక్షోభ మొక్కటి యున్నదనుకొని కొట్టివేసినచో, 157ను 14చే భాగింపగా 11.2 వచ్చును. దశాంశ స్థానముల పోలిక ఒక్క గీటుతో పోయినది. అంతకుముందు 1875లో 11.11 ఏండ్ల ఆవర్తనమును పాత ధాన్యపు ధరలలో చూచినదియు ఈ జెవన్సే!

నేటి షేర్ల ఋతువులలో కొన్నింటికి కొంత ఆధారము లేకపోలేదు. న్యూయార్కు ధరలను 1904 నుండి 1974 వరకు పరిశీలించి, జనవరిలో సగటు లాభము సుమారు 3.5 శాతము, తక్కిన నెలలలో సుమారు 0.5 శాతము అని రోజెఫ్, కిన్నీ 1976లో తెలిపిరి. ఇది ముఖ్యముగా చిన్న కంపెనీల షేర్లకు చెందినదని తరువాత తేలినది. పన్ను తగ్గించుకొనుటకై నష్టపు షేర్లను డిసెంబరులో అమ్ముట ఇందుకు కారణమని కొందరి ఊహ. మన పన్ను సంవత్సరము మార్చి 31తో ముగియును గనుక, ఆ ఊహయే నిజమైనచో ఇక్కడ ఆ ఫలము ఏప్రిలులో కనబడవలెను. పరీక్షకు నిలుచు మాట యన్న ఇట్టిది. అయినను, రహస్యము బయటపడిన పిదప అందరును ముందుగానే కొన మొదలిడిన, ఆ లాభము మిగులునా?

కారణము లేక నెలలను వెదకువారి సంగతి వేరు. కేవలము యాదృచ్ఛికముగా ఒక నెల విశేషముగా కనబడుటకు నూటికి 5 వంతుల అవకాశ మున్నదనుకొందము. నెలలు ఒకదానిపై ఒకటి ఆధారపడనిచో, పండ్రెండింటిలో కనీస మొక్కటి మోసపుచ్చుటకు అవకాశము నూటికి 46! ఇక వారములు, తిథులు గూడ చేర్చిన చెప్పవలెనా?

తరగతిలో ఇది సులభముగా చూపవచ్చును. ఇరువదేండ్ల ధరలను తీసికొని, తొలి పదేండ్లలో మిక్కిలి లాభించిన నెలను విద్యార్థులచే ఎన్నిక చేయింపుడు. మలి పదేండ్ల కాగితమును అంతవరకు బల్లసొరుగులోనే యుంచుడు.