పదునైదుకు రెండు

విస్కాన్సిన్‌లో మా అమ్మాయి యింట గడపిన ఒక శీతకాలమున, మంచు మోకాలి లోతున పేరుకొని వీథిలో మనుష్యసంచారమే లేని సాయంకాలములందు, పొరుగింటి వృద్ధదంపతులు భోజనమైన పిమ్మట ఒక కొయ్యపలకను, ఒక పేకకట్టను బల్లమీద నుంచుకొని యెదురెదురుగా కూర్చుండి, "ఫిఫ్టీన్ టూ, ఫిఫ్టీన్ ఫోర్, అండ్ ఎ పెయిర్ ఈజ్ సిక్స్" అని జపమువలె ఏదియో వల్లించుచు, పలకలోని రంధ్రములలో సన్నని చీలలను మార్చి మార్చి గ్రుచ్చుచుండుట చూచితిని. ఆ యాట పేరు క్రిబేజ్. వారు నన్నును ఆటకు పిలిచిరి. కాని ముక్కలు పరచి నేను వ్రేళ్లు మడచి కూడుకొనుచుండగానే, ఆ పెద్దావిడ నా ముక్కలను తలక్రిందులుగానే చదివి, నా లెక్కను నాకంటె ముందు చెప్పివేయుచుండెను. నలుబదేండ్ల రమ్మీ యనుభవము అక్కడ నాకు అక్కరకు రాలేదు. వారి యోర్పును ఇంకను పరీక్షింపనొల్లక, ఇంటికి వచ్చి కంప్యూటరు నెదుట పెట్టుకొని ఆ విద్యను ఓనమాలనుండి నేర్చుకొంటిని. ఈ యాటకు ప్రాణము లెక్కపెట్టుటలో నున్నదనియు, ఆడువానిచేత ఆ లెక్క పెట్టింపని యంత్రముతో ఎంతకాల మాడినను విద్య పట్టుబడదనియు ఆ యభ్యాసమువలననే నాకు తెలిసివచ్చినది.

దీనిని కల్పించినవాడు ఆంగ్లకవియైన సర్ జాన్ సక్లింగ్ అని ప్రతీతి. 1609లో జన్మించి, మొదటి చార్లెసు రాజు కొలువున కవిగా, విలాసపురుషుడుగా, జూదరిగా పేరుపడి, పిన్నవయస్సుననే గతించిన ఆయననుగూర్చి, ఆ శతాబ్దమునందే జాన్ ఆబ్రే వ్రాసిన సంక్షిప్తజీవితములలో ఈ మాట కనిపించును. సక్లింగ్ తనకు మాత్రమే తెలిసిన గుర్తులు వేయించిన పేకలను దేశములోని జూదగృహములకు పంపి, ఇరువదివేల పౌనులు గడించెనని కూడ అందే యున్నది. అంతకు ముందే ప్రచారములో నున్న "నాడ్డీ" యను ఆటకు మెరుగులు దిద్దగా ఇది యేర్పడెనని చెప్పుదురు. పుట్టుక యెట్టిదైనను, ఆట మాత్రము సంసారుల యిండ్లలోనే స్థిరపడినది. ఇంగ్లండులో 1968 నాటి జూదచట్టము పానశాలలలో పందెమొడ్డి ఆడుటకు డామినోలను, క్రిబేజును పేరుపెట్టి యనుమతించినదనగా, దీనిపట్ల ఆ సమాజమునకు గల విశ్వాస మెట్టిదో గ్రహింపవచ్చును.

ఆడువారు సాధారణముగ ఇద్దరు. ఒక్కొక్కరికి ఆరు ముక్కలు. వానిలో నాలుగింటిని చేత నిలుపుకొని, రెండింటిని బోర్లించి విడువవలెను. ఇట్లు ఇరువురు విడిచిన నాలుగు ముక్కల కుప్పకే "క్రిబ్బు" అని పేరు. ఆంగ్లమున ఆ మాటకు పశువుల మేతతొట్టి యని యొక యర్థము గలదు. ఆ తొట్టి పేక పంచినవాని సొత్తు. పంపకము ఒకరి తరువాత నొకరికి మారుచుండును. పిమ్మట పంచనివాడు కట్టను కోయగా పైకి తిప్పిన ముక్క, ఇరువురి చేతులకును క్రిబ్బునకును గూడ ఐదవ ముక్కగా చెల్లును. అది జాకీ యైనచో పంచినవానికి అప్పటికప్పుడే రెండు పాయింట్లు. రాజు, రాణి, జాకీలకు విలువ పది, ఆసునకు ఒకటి, తక్కినవానికి వాని యంకెయే. కూడగా 15 వచ్చు ప్రతి కూర్పునకు రెండు, జతకు రెండు, వరుసకు అందెన్ని ముక్కలుండిన అన్ని, చేతిలోని నాలుగును ఒకే రంగువైనచో నాలుగు, కోసిన ముక్క రంగుగల జాకీ చేత నున్నచో ఒకటి. 121 ముందుగా చేరినవానిదే గెలుపు.

పలకనుగూర్చి కొంత చెప్పక తప్పదు. దానిలో ఒక్కొక్కరికి అరువది రంధ్రములు, ఐదేసి చొప్పున విడదీయబడి యుండును. రెండుమారులు చుట్టివచ్చి కొసరంధ్రమున చీల గ్రుచ్చినచో ఆట ముగిసినట్లు. ప్రతివానికిని రెండు చీలలుండుటలోనే ఈ పలకను కల్పించినవారి బుద్ధికుశలత కనిపించుచున్నది. క్రొత్తగా వచ్చిన పాయింట్లను వెనుకచీలతో, ముందుచీలను దాటించి లెక్కింతురు; దాటబడిన చీల కదలక నిలిచి వెనుకటి మొత్తమునకు సాక్షిగా నుండును గనుక, లెక్క తప్పినదన్న శంక కలిగినప్పుడు రెంటి నడుమ రంధ్రములను ఎంచుకొన్న చాలును, కాగితముతోను కలముతోను పనిలేదు. వామనగుంటల పీటమీద చింతగింజలతో ఎంచుట నేర్చిన మన యాడపడుచులకు ఈ పలక చేతికిచ్చినచో, ఒకరు చెప్పనక్కరలేకయే దాని మర్మమును గ్రహింతురని నా నమ్మకము.

కంప్యూటరుతో ఈ యాట ఆడుట నిన్న మొన్నటి సంగతి కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు బర్క్‌లీనుండి వెలువరించిన యునిక్స్ వ్యవస్థతోడి ఆటల మూటలో క్రిబేజు ఒకటి యుండినది. నేటికిని లినక్సు వాడువారు దానిని తెచ్చుకొనవచ్చును. మా అల్లుడు దానినే నాకు అమర్చి యిచ్చెను. అందు బొమ్మలు లేవు, చప్పుడు లేదు. తెరమీద అక్షరములు, అంకెలు మాత్రమే. 61 వరకా, 121 వరకా అని మొదట నడుగును. తొలిపంపక మెవరిదో తేలుటకై పేకను కోయుమని 0 మొదలు 51 వరకు ఒక సంఖ్య నడుగును: పైనుండి అన్ని ముక్కల లోతున కోత పడునన్నమాట. క్రిబ్బు తనదైనప్పుడు మిగిలిన నలుబది ముక్కలను కోయుటకు 0 మొదలు 39 వరకు మరల నన్నే యడుగును. ఏ ముక్క పడవలెనో యంత్రము తానే తేల్చివేయవచ్చును. కాని కోయుట ఎదుటివాని హక్కని యెరిగి, ఆ మర్యాదను అంకెల రూపముననైనను నిలిపినందులకు ఆ కార్యక్రమమును వ్రాసినవారికి నేను మనసార నమస్కరించితిని.

అంతకు మించిన సుగుణ మింకొకటి గలదు. ముక్కలన్నియు ఆడుట ముగిసిన పిదప, నా నాలుగు ముక్కలను, కోసిన ముక్కను తెరమీద పరచి, వీని విలువ యెంతయో నీవే చెప్పుమని అది నిలిచియుండును. చెప్పువరకు కదలదు. పొరబడినప్పుడు సరియైన లెక్కను విడమరచి చూపుమని ముందుగనే కోరుకొనుటకు ప్రత్యేకముగ ఒక యేర్పాటు గలదు. క్రొత్తవారికై యుద్దేశింపబడిన ఆ యేర్పాటుతోనే నేను రెండు మాసము లాడితిని. ఇప్పటి చరవాణులలోని క్రిబేజు ఆటలు పెక్కింటిలో ముక్కలు పరచినంతనే మొత్తము దానంతట నదే మెరసి, చీల తనంత తానే పరుగెత్తును. కన్నులకు ఇంపుగనే యుండును, కాని అట్టి యాట నూరు ఆడినను ఆ పెద్దావిడ బల్లయెదుట మరల నోరు తెరవలేము.

ఒకనాటి చేయి నాకు మరపునకు రాదు. నా చేత రెండు ఏడులు, ఒక ఎనిమిది, ఒక తొమ్మిది. కోసిన ముక్క ఆసు. ఏడు, ఎనిమిది కలసిన 15, ఏడులు రెండు గనుక రెండుమారులు: నాలుగు. ఏడు, ఎనిమిది, తొమ్మిది వరుస, అదియు రెండుమారులు: ఆరు. ఏడుల జత రెండు. మొత్తము పండ్రెండని నిశ్చింతగా నొక్కితిని. పదునాలుగని యంత్రము చెప్పి, క్రింద విడమరచి చూపినది: ఏడును ఏడును ఆసును కలసిన 15! ఆసును నేను ముక్కగనే యెంచలేదు. ఐదు ముక్కలలో రెండేసిగా పది, మూడేసిగా పది, నాలుగేసిగా ఐదు, అన్నియు కలసి ఒకటి, ఇట్లు ఇరువదియారు కూర్పులు గలవనియు, కంటికి సొంపుగా కనబడిన నాలుగైదింటిని ఎంచి తృప్తిపడుట లెక్క కాదనియు ఆనాడు తెలిసినది. అది మొదలు వరుస తప్పక, ముందు పదునైదులు, పిదప జతలు, పిదప వరుసలు, తుదకు జాకీ, అని పైకి చదివియే లెక్కింప మొదలిడితిని. ఆ వృద్ధులు వల్లించునది ఈ క్రమమే.

ఇక విడుచుటలోని నేర్పు. ఆరింటిలో రెండింటిని విడుచుటకు 15 మార్గములు. కోతలో రాదగిన ముక్కలు 46. కావున ఒక్కొక్క చేతికి 690 పర్యవసానములు. యంత్రమునకు అవి యన్నియు రెప్పపాటు పని. మనుష్యునకు అభ్యాసమే ఆధారము. 52 ముక్కలలో పది విలువగలవి 16 ఉన్నవి గనుక, ఎదుటివాని తొట్టిలో ఐదును వేయుట ఆతని యింటికి అన్నము మోసికొనిపోయి పెట్టుటయే. రెండు ఐదులు, ఆరు, ఏడు, జాకీ, రాజు వచ్చినవనుకొందము. క్రిబ్బు నాదైనచో ఐదులతో జాకీని, రాజును నిలిపి, పది పాయింట్లు చేతనుంచుకొని, ఆరును ఏడును నా తొట్టిలోనే వేసికొందును. క్రిబ్బు ఎదుటివానిదైనచో అదే ఆరు, ఏడుల జంట వానికి వరుసలు పండించును గనుక, ఐదులతో ఆరును ఏడును నిలిపి, ప్రస్తుతమునకు ఎనిమిదే యైనను, జాకీని రాజును విడుచుట మేలేమోయని తూచి చూడవలసియుండును. ముక్కలవే, తొట్టి యెవరిదన్న యొక్క ప్రశ్నతో వాని విలువలు తలక్రిందులగును. ఈ యాటలో నన్ను మిక్కిలి యాకర్షించిన విషయ మిది.

ముక్కలను ఒక్కొక్కటిగా ఆడు ఘట్టమున, ఇరువురి ముక్కలను కూడుకొనుచు 31 దాటకుండ సాగవలెను. 15 చేసినవానికి రెండు, 31 చేసినవానికి రెండు, ఎదుటివాని ముక్కకు జత వేసినచో రెండు, దానిపై మూడవది పడిన ఆరు. నాలుగుతో ఆరంభించుట క్షేమము, ఒక్క ముక్కతో దానిని 15 చేయుట ఎవరికిని సాధ్యము కాదు గనుక. మొత్తమును 21 వద్ద విడువరాదు. నేను విడిచిన ప్రతిమారును యంత్రము ఒక రాజునో రాణినో జాలిలేక దింపి 31 చేసికొనెడిది. మందలించు గురువు మాటకంటె ఆ నిశ్శబ్దమే నాకు బాగుగ బోధించినది.

యంత్రమెదుట ఒంటరిగా ఆడుచు నేను పలుమారులు స్మరించుకొన్నది, 1840–41లో డికెన్సు వెలువరించిన 'ఓల్డ్ క్యూరియాసిటీ షాప్' నవలలోని ఘట్టము. నేలమాళిగ వంటింటిలో అర్ధాకలితో మ్రగ్గుచున్న పనిపిల్లకు, డిక్ స్వివెలర్ అను యువకుడు అన్నము పెట్టించి, క్రిబేజు నేర్పును. పిదప ఆతడు విషజ్వరమున పడి, స్మృతి తెలిసి కన్ను విప్పునప్పటికి, సేవచేయ వచ్చిన ఆ పిల్ల మంచముప్రక్క బల్లవద్ద రెండువైపుల ఆటయు తానే యాడుకొనుచుండును. కోతలో జాకీ పడినను రెండు పాయింట్లు వేసికొనుట ఆమె మరచును. ఆ పొరపాటును చూచి రోగి మంచము మీదనుండి కేక వేయును. ఆతడు బ్రదికినాడని ఆమెకు ఆ కేకవలన తెలియును. ఎదుట మనుష్యుడుండుటకును లేకుండుటకును గల భేదమును ఇంతకంటె చక్కగా చూపిన రచన నేను చదువలేదు.

అమెరికా జలాంతర్గాములలోనివారికి ఈ యాట ఆచారమైపోయినది. 1943లో పసుపుసముద్రమున సంచరించుచున్న 'వాహూ' నౌకలో, అధిపతి మోర్టన్ పంచగా ఆతని సహాయకుడు ఒకేన్ చేతికి 29 వచ్చినది: మూడు ఐదులు, జాకీ, కోతలో ఆ జాకీ రంగు ఐదు. అంతకు మించిన చేయి లేదు. ఇద్దరాడునప్పుడు 2,16,580 చేతులకొకటి వచ్చు నది. ఒకేన్ క్రిబేజు పలకను పసిఫిక్ నౌకాదళమున సేవలోనున్న జలాంతర్గాములలో మిక్కిలి పాతదానిలో నుంచి, అది విశ్రాంతి గైకొన్నప్పుడు తరువాతి పాతదానికి అప్పగించుట నేటికిని సంప్రదాయము.

మార్చి మాసాంతమున, మంచు కరగి చూరులనుండి నీరు కారుచుండగా, పొరుగింటికి మరల వెళ్లితిని. పెద్దావిడయే యెదుట కూర్చుండెను. పంపకము నాది కావున ముందుగా ఆమె తన ముక్కలు పరచెను. జత లేదు, వరుస లేదు, పదునైదు లేదు. ఆమె నవ్వి "నైన్‌టీన్" అనెను. ఏ ఐదు ముక్కలతోను 19 రాదు గనుక, సున్న వచ్చినవారు ఆ మాట యనుట క్రిబేజు ఆడువారి వాడుక.  ఆమె భర్త కాఫీ కప్పు దించి నావైపు చూచెను. నేను వెనుకచీలను చేత పుచ్చుకొని, ముక్కలను వారికి కనబడునట్లు త్రిప్పి పరచి, "ఫిఫ్టీన్ టూ" అని మొదలిడితిని.