సంతకం ఆమెది, ప్రయోజనం ఎవరిది?

మల్దకల్ తిమ్మప్ప గుడి దగ్గర కూర్చుని ఒక మాజీ సర్పంచ్ నాకు తన ఐదేళ్ల పాలనని నాలుగు ముక్కల్లో చెప్పింది. "సంతకం నాది. పని మా ఆయన చేసిండు. అప్పు ఇద్దరిదీ. బిల్లు ఎప్పుడొస్తదో ఆ తిమ్మప్పకే ఎరుక." కాసేపాగి, "తప్పంటవా అక్కా?" అని అడిగింది. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్న చుట్టూనే.

చట్టాన్ని అడిగితే జవాబు సూటిగానే ఉంటుంది. పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టులో ప్రయోజనం ఉన్నవాళ్లు ఆ పంచాయతీ పదవికి అనర్హులు. మంచి సూత్రమే. ఊరి పనిని పరిశీలించాల్సిన కన్నూ, ఆ పనిలో లాభం వెతికే కన్నూ ఒకే మనిషివి కాకూడదు. కానీ ఈ సూత్రం తనదంటూ ఒక జేబు, ఒక బ్యాంకు ఖాతా, ఒక నిర్ణయం ఉన్న మనిషిని ఊహించుకుని రాసింది. ఆ మనిషి ఎవరో మనకు తెలుసు. భర్త చేసిన సిమెంటు రోడ్డుకి భార్య చెక్కు మీద సంతకం పెడితే, అక్కడ 'ప్రయోజనం' ఎవరి దగ్గర ఉన్నట్టు? కాయితాల్లో భర్త పేరు కూడా ఉండదు. మరిది పేరో, దోస్తు పేరో ఉంటుంది. కాయితాల్లో కచ్చితంగా కనపడే పేరు ఒక్కటే. అది ఆమెది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చి స్త్రీలకు మూడో వంతు స్థానాలిచ్చింది. ఉమ్మడి రాష్ట్రం 2011లో దాన్ని సగానికి పెంచింది. తెలంగాణ 2018 చట్టమూ ఆ సగాన్ని నిలిపింది. అదే చట్టం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకమూ కావాలంది. ఒకరి మీద ఒకరు నిఘా అన్నమాట. అయితే ఉపసర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు. దళిత మహిళకు కేటాయించిన ఊళ్లో ఆ రెండో సంతకం ఊరి పెద్దరికానిదైతే నిఘా ఎవరి మీద, పెత్తనం ఎవరిది? అక్కడ పని చేసేది భర్త కూడా కాకపోవచ్చు. అప్పిచ్చిన ఆసామే పని చేయిస్తాడు, బిల్లూ తనే తీసుకుంటాడు. 'భర్తల పెత్తనం' అని మనం అలవాటుగా వాడే మాట ఈ కులం లెక్కని కప్పేస్తుంది.

2019 జనవరిలో గెలిచినవాళ్ల సంగతి ఇంకా చిక్కు. ఆ సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలైంది. వైకుంఠధామం కట్టాలి, డంపింగ్ యార్డు కట్టాలి, ప్రకృతి వనం పెంచాలి, ట్రాక్టరు కొనాలి. మొక్కలు బతకకపోతే పదవి పోతుందన్న బెదిరింపు ఒకటి. నిధులు రాకముందే పని కావాలి. అందుకని అప్పులు తెచ్చి చేశారు, ఒంటి మీది బంగారం కుదువపెట్టి చేశారు. 2024 ఫిబ్రవరి 1తో పదవీకాలం ముగిసింది. బిల్లులు మాత్రం చాలామందికి రాలేదు. వాటి కోసం మాజీ సర్పంచులు ధర్నాలు చేశారు. అంటే కాంట్రాక్టులో ప్రయోజనం ఉండకూడదని ఒక చేత్తో రాసిన ప్రభుత్వమే, నీ డబ్బు పెట్టి పని చెయ్యమని ఇంకో చేత్తో సర్పంచ్‌ని కాంట్రాక్టర్‌ని చేసింది. ఇందులో నైతికత తప్పింది మల్దకల్ మండలంలోని ఆ ఒక్క ఆడమనిషేనా?

ఈ విషయంలో రాజ్యం చూపు ఎలా నడిచిందో గమనించండి. సర్పంచ్ గర్భసంచి దాకా వెళ్లి ఇద్దరు పిల్లల నిబంధన లెక్కపెట్టింది. 1994 చట్టంతో వచ్చిన ఆ నిబంధన తెలంగాణలో 2025లో గాని పోలేదు. కానీ ఆమె ఇంట్లో కాంట్రాక్టు ఎవరిదన్న లెక్క అంత శ్రద్ధగా అడిగిందా? సుప్రీంకోర్టులో వ్యాజ్యం తర్వాత 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 'సర్పంచ్ పతి' మీద కమిటీ వేసింది. భార్యల బదులు పాలించే మగవాళ్లకు గట్టి శిక్షలుండాలని ఆ కమిటీ 2025లో చెప్పింది. సంతోషమే. అయితే శిక్ష భర్తకు పడేనాటికి రికవరీ నోటీసు ఎవరి పేరు మీద వస్తుంది? సంతకం ఎవరిదో వాళ్ల పేరు మీదే.

మన సాహిత్యం దగ్గరికి వద్దాం. మన కథల్లో మహిళా సర్పంచ్ సాధారణంగా రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి, వేలిముద్ర వేసే బొమ్మ. రెండోది, చివరి పేరాలో లేచి నిలబడి కాయితం చింపేసే వీరనారి. మొదటిదానికి తప్పు చేసే శక్తి లేదు, రెండోదానికి తప్పు అంటదు. ఇద్దరికీ అప్పుల్లేవు. ఎస్టిమేట్, ఎం.బి. రికార్డు, ఏ.ఈ. వాటా, రెండో సంతకం, ఇవేవీ మన కథల్లోకి రావు. పొయ్యి గురించి, పురుడు గురించి అంత సూక్ష్మంగా రాసిన మనం చెక్కుబుక్కు దగ్గర ఎందుకు ఆగిపోయాం? అది మగవాళ్ల వస్తువని మనమూ ఒప్పుకున్నట్టేనా? గద్వాల సంస్థానం చివరి పాలకురాలు ఆదిలక్ష్మీ దేవమ్మ. ఆ గడ్డ మీద అధికార ముద్ర ఆడవాళ్ల చేతికి కొత్త కాదు. రాణికి సంస్థానం ఉంది, సర్పంచమ్మకి సొంత ఖాతా కూడా ఉండదు. ఆ తేడా మన కథావస్తువు కావాలి.

ఇదంతా ఆమెను వెనకేసుకు రావడానికి కాదు. నాసిరకంగా కట్టిన మోరీ పొంగేది మాదిగవాడలో. ఆ నీళ్లలోంచి బిందె మోసుకెళ్లేదీ ఆడదే. పాపం అమాయకురాలు అని ఒక సర్పంచ్‌ని వదిలేస్తే ఆ రెండో స్త్రీకి మనం అన్యాయం చేసినట్టే. జాలి స్త్రీవాదం కాదు.

కాబట్టి ఆ చెల్లెలికి ఆలస్యంగానైనా నా జవాబు ఇది. తప్పే. కానీ కాదనడానికి నీకు చోటుండి, నువ్వు కాదనకపోతే అది పూర్తిగా నీ తప్పు. ఆ చోటే లేకుండా చేసినవాళ్లు దాంట్లో వాటాదారులు. ఇంట్లోవాళ్లయినా, ఊళ్లోవాళ్లయినా, సర్కారైనా. పని మొదలవకముందే నిధులు రావాలి. ఆ పని ఎవరు చేస్తున్నారో, సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ ఏమవుతారో గ్రామసభలో బిగ్గరగా చదవాలి. అప్పుడు కాదనే భారం ఆమె ఒక్కదాని మీదే పడదు.

2025 డిసెంబరులో మూడు విడతల ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. వాళ్లలో సగం మంది స్థానాలు స్త్రీలవి. వాళ్ల చేతికి చెక్కుబుక్కులు వచ్చేశాయి. వాళ్ల గురించి రాయబోయే మనం, ఈసారి సంతకం దగ్గర ఆగిపోకుండా ఆ చెక్కు వెంట ఎంత దూరం నడుస్తాం?