గది ఎవరిది, సమ్మతి ఎవరిది

మార్కాపురం, గిద్దలూరు వైపు ఏ జిల్లా పరిషత్ హైస్కూలును తీసుకున్నా, అక్కడ మతబోధ ఉండాలా వద్దా అన్నది హెడ్మాస్టరు ఇష్టం మీద నడవదు. రాజ్యాంగం 28వ అధికరణ దాన్ని తేల్చేసింది. చూడ్డానికి మూడు చిన్న క్లాజులే. విప్పి చూస్తే ఎంత ఆలోచించి బిగించారో తెలుస్తుంది.

మొదటి క్లాజు ఖర్చు ఎవరిదని అడుగుతుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదు. రెండోది మినహాయింపు: మతబోధ జరగాలన్న షరతుతో ఏర్పడ్డ ట్రస్టు సంస్థను ప్రభుత్వం నిర్వహిస్తున్నా, ఆ నిషేధం దానికి తగలదు.

నాకు బాగా నచ్చింది మూడోది. గుర్తింపు పొందిన బడిలో, ఎయిడెడ్ బడిలో మతబోధ, ప్రార్థన జరుగుతుంటే, సమ్మతి లేనిదే ఎవరినీ అందులో కూర్చోబెట్టకూడదు. మైనరైతే సంరక్షకుడు ఒప్పుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్ల లేచి ‘నేను రానండి’ అని చెప్పుకోవాల్సిన పని లేదు. ముందుగా ఇంట్లోవాళ్ల ఒప్పుదల తీసుకోవాల్సింది బడే. నోరు విప్పలేని వయసును ఇంత చక్కగా కనిపెట్టుకున్న నిబంధన ఇది. పైగా ఏ మతమని ఎక్కడా అడగదు.

అయితే పిల్లలే పూనుకొని పెట్టుకునే సమావేశం సంగతి ఇందులో లేదు. దానికోసం అమెరికా 1984లో ఈక్వల్ యాక్సెస్ చట్టం చేసుకుంది. అక్కడి పబ్లిక్ హైస్కూళ్లలో చదివే మన తెలుగు పిల్లలకూ అదే వర్తిస్తుంది. ఫెడరల్ నిధులు అందుకునే హైస్కూలు, పాఠాలతో సంబంధం లేని ఒక్క విద్యార్థి బృందానికి తరగతులు లేని వేళ చోటిస్తే చాలు, ఈ చట్టం పనిలోకి దిగుతుంది. ఆపైన మతం, రాజకీయం, తత్వం మాట్లాడుకుంటామనే బృందాన్ని ఆ కారణంతో కాదనడానికి లేదు.

ఇచ్చిన చోటుకు కట్టుబాట్లూ పెట్టారు. బృందాన్ని విద్యార్థులే మొదలుపెట్టాలి, రావడం వాళ్ల ఇష్టం. మత సమావేశంలో టీచరు ఉండొచ్చు గానీ పాలుపంచుకోకూడదు. బయటివాళ్లు నడపకూడదు, అదే పనిగా హాజరు కాకూడదు. సమావేశంలో చెప్పేది తన నమ్మకానికి విరుద్ధమైతే టీచరును అక్కడ కూర్చోమని ఈ చట్టం పేరుతో బలవంతపెట్టలేరు. బృందం చిన్నదని హక్కు తగ్గించడానికీ ఇది ఆధారం కాదు. ఇంత చిన్న విషయాన్నీ వదలకుండా రాసిపెట్టారు!

1990లో మెర్జెన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. నెబ్రాస్కాలోని ఒక హైస్కూలు క్రైస్తవ విద్యార్థి బృందాన్ని కాదంది. ఆ బడిలో అప్పటికే చదరంగం క్లబ్బు, స్కూబా డైవింగ్ క్లబ్బు నడుస్తున్నాయి. అవి ఏ పాఠంలోనూ భాగం కావని కోర్టు తేల్చింది. దాంతో ఆ క్రైస్తవ బృందానికీ తలుపు తీయాల్సి వచ్చింది.