పుత్తడి బొమ్మకు గొంతు ఎవరివ్వాలి?

గురజాడ అప్పారావు (1862–1915) ‘పుత్తడి బొమ్మ పూర్ణమ్మ’ను బడి వార్షికోత్సవాల్లో పిల్లల చేత పాడించడం మనకు అలవాటే. కానీ ఎలా పాడిస్తున్నాం? నాలుగో తరగతిలో పూర్ణమ్మ వేషం ఎవరికనగానే మన కళ్లు ఎర్రగా బుర్రగా వున్న పాపనే వెతుకుతాయి. నల్లపిల్లలు వెనక వరసలో కోరస్ అవుతారు. ‘పుత్తడి’ అన్న మాటను ఒంటిరంగుగా చదివిన ఫలితమిది.

నిజానికి ఆ మాటలో ముద్దూ వుంది, ధరా వుంది. కన్యాశుల్కానికి ఆశపడి తల్లీతండ్రీ ప్రేమనీ న్యాయాన్నీ వదులుకున్నారని కవి సూటిగా నిందిస్తాడు. బంగారు బొమ్మను ముసలివాడికి అమ్మేశారు. పిల్లలకు ముందు చెప్పవలసింది ఈ బేరం సంగతి.

చిక్కంతా బాణీతో వస్తుంది. నాలుగేసి మాత్రల నడక పిల్లల నోటికి ఇట్టే పట్టుబడుతుంది. అదే ఊపులో పువ్వుల వర్ణనా, అమ్మకమూ, తోటివాళ్ల ఎగతాళీ, అన్నదమ్ములకు ఆమె చెప్పే వీడ్కోలూ ఒకే తీపితో సాగిపోతాయి. అర్థం తెలియకుండానే కన్నీళ్లు పెట్టించడం నేర్చుకుంటారు పసివాళ్లు. చప్పట్లూ పడతాయి.

పాట ఆపి మాటగా చెప్పించి చూడండి. తాళం లేకుండా, అర్థం దగ్గర విరిచి. అమ్మకం చెప్పే చోట గొంతులో నింద పలకాలి. ఎగతాళిని తరగతంతా కలిసి చెప్పాలి, గుంపు నవ్వు ఎంత బరువో వాళ్లకే తెలుస్తుంది. వీడ్కోలును ఒక్క పాపకే వదిలెయ్యకుండా తలా ఒక చరణం పంచాలి. నలుగురూ కూర్చుని నవ్వుకునేటప్పుడు తనను తలచుకోమనీ, పుట్టబోయే బిడ్డల్లో ఒకరికి తన పేరు పెట్టమనీ ఆమె అడుగుతుంది. ఆ మాటలు మగపిల్లల నోటా రావాలి. వేదికమీద అన్నదమ్ములుగా ఊరికే నిలబడేవాళ్లు కాసేపు ఆమె అవుతారు.

ఇక ముగింపు. సాయంత్రం పశువులూ పక్షులూ గూటికి చేరతాయి, పూర్ణమ్మ ఇంటికి రాదు. ఆత్మహత్య అన్న మాట కవి వాడలేదు. ఆమెను దుర్గలో కలిపి మనకు కొంత ఊరట ఇచ్చాడు. మనం ఆ ఊరటను పదింతలు చేసి, అమ్మవారి బొమ్మ, రంగుదీపాలు, హారతి పెట్టి చావును దర్శనంగా మార్చేస్తున్నాం. ఇంటికి రాలేదన్న మాట తర్వాత రెండు క్షణాల మౌనం చాలదా?

ఇది పాతకాలపు కథేననుకుందామా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. కోరస్‌లో నిలబడ్డ పాప అక్కకో, పక్కింటి పిల్లకో జరిగిన సంగతే ఇది కావచ్చు. ‘వాళ్లమ్మా నాన్నా ఎందుకలా చేశారు టీచర్?’ అని ఆ పాప అడిగితే, రిహార్సల్ ఆపి జవాబు చెప్పాలి. పద్యం ఆమెకు అందిందనడానికి ఆ ప్రశ్నే గుర్తు.