మీసం మెలేస్తే పౌరాణికం కాదు

కిరీటం, గద, మధ్యమధ్యలో కాస్త రాగం ఉంటే పౌరాణికం అయిపోతుందని మేం నిజంగానే అనుకున్నాం. హైదరాబాద్‌లో ఒక కెఫే మేడమీద, అరవై కుర్చీల ముందు, స్క్రిప్టు లేకుండా కృష్ణరాయబారం ఆడాం. కథ అందరికీ తెలిసిందే. మాటలు మాత్రం అప్పటికప్పుడు పుట్టాలి. రాయబారం దేని గురించో ప్రేక్షకులే చెప్పాలి. వెనక వరసలోంచి ఎవరో "పార్కింగ్!" అని అరిచారు.

ఇంకేముంది. నేను దుర్యోధనుణ్ణి. మీసం మెలేశాను, తొడ కొట్టాను, సెల్లార్‌లో సూదిమొన మోపేంత చోటు కూడా ఇవ్వనన్నాను. గణాలూ యతీ ఏమీ లేని ఒక వాక్యాన్ని పద్యంలాగా ఊపిరున్నంతసేపూ సాగదీశాను. జనం పడీ పడీ నవ్వారు. ఇంప్రావ్ చేసేవాళ్లకి ఆ నవ్వు చాలా ప్రమాదకరమైన వస్తువు. అది వినపడిందంటే మనం బాగా చేశామనే అనుకుంటాం.

ఆట అయ్యాక మాలో ఒకడి పెదనాన్నగారు నా దగ్గరికొచ్చారు. తెనాలి దగ్గర పల్లెలో, కుర్రతనంలో అర్జునుడి వేషం కట్టినాయన. ఆయనకి కోపమొచ్చుంటుందనుకున్నాను. రాలేదు.

"పద్యం రాకపోతే పోనీ బాబూ, ఈ రోజుల్లో ఎవరికొస్తుంది? కానీ రాయబారం ఏమైంది? నువ్వెందుకు ఇవ్వనన్నావు?"

"పార్కింగ్ కదండీ పెదనాన్నగారూ, అదీ..."

"పార్కింగే అనుకో. ఎందుకివ్వవు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నని పట్టుకుని ఆర్నెల్లు తిరిగాం. ఈ వ్యాసం ఆ తిరుగుడు గురించే.

స్క్రిప్టు లేకుండా ఆడటం ఒక ఎత్తు, ఒక జానర్‌లో ఉండి స్క్రిప్టు లేకుండా ఆడటం ఇంకో ఎత్తు. లండన్‌లో 2011లో మొదలైన ఆస్టెన్‌టేషియస్ అనే బృందం జేన్ ఆస్టెన్ నవలల ధోరణిలో ప్రతి ఆటకీ ఒక కొత్త కథ అల్లుతుంది. ఆస్టెన్ రాసి పోగొట్టుకుందని చెప్పుకోదగ్గ ఒక నవల పేరు ప్రేక్షకులు ఇస్తారు, వీళ్లు ఆ కాలపు బట్టలు కట్టుకుని ఆ నవలని ఆడేస్తారు. షోస్టాపర్ అనే మరో బృందం ప్రతి రాత్రీ ఒక కొత్త మ్యూజికల్‌ని పాటలతో సహా పుట్టిస్తుంది. 2016లో దానికి ఆలివియర్ అవార్డు కూడా వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో ఇంప్రో థియేటర్ వాళ్లు షేక్‌స్పియర్ ధోరణిలో ఆడతారు.

ఇలాంటివి చూసి మనం తొందరపడి నేర్చుకునే పాఠం ఒకటుంది: జానర్ అంటే గుర్తులు. ఆస్టెన్ అంటే టోపీలూ టీ కప్పులూ. పాత హాలీవుడ్ డిటెక్టివ్ సినిమా అంటే వానా సిగరెట్టూ. పౌరాణికం అంటే మీసమూ గదా. ఇదంతా వేషం. వేషంతో పాటు జానర్‌కి ఒక ధర్మం కూడా ఉంటుంది. సొంత ఆస్తి లేని ఆడపిల్ల, మనసులో మాట పైకి అనలేని గది, ఆ గదిలో అందరి చెవులూ ఇటే ఉండటం: ఆస్టెన్ లోకం ధర్మం అది. టీ కప్పు లేకపోయినా ఆ ఇబ్బంది ఉంటే అది ఆస్టెనే. ఇబ్బంది లేకపోతే ఎన్ని కప్పులు పేర్చినా ఫ్యాన్సీ డ్రెస్సే. డిటెక్టివ్‌కి నిజం దొరుకుతుంది, కానీ ఆలస్యంగా దొరుకుతుంది, అప్పటికి అతని చేతులు కూడా శుభ్రంగా ఉండవు. వాన కురవకపోయినా నష్టం లేదు.

మరి పద్యనాటకం ధర్మం ఏంటి? నాకు తెలిసినంతలో మూడు. ఒకటి, ముగింపు ముందే తెలుసు. రాయబారం చెడిపోతుందని నేలమీద కూర్చున్న పిల్లాడికి కూడా తెలుసు. కాబట్టి ఏమవుతుందన్నది ప్రశ్నే కాదు, ఎలా అంటాడన్నదే ప్రశ్న. రెండు, ఒకడు పద్యం ఎత్తుకుంటే రెండోవాడు ఆఖరి పాదం దాకా వినాల్సిందే. అడ్డు రావడానికి లేదు. మూడు, ప్రతివాడికీ తన వైపు ఒక న్యాయం ఉంటుంది. దుర్యోధనుడు కూడా తనని తాను దుర్మార్గుడనుకోడు.

ఈ మూడూ చూశాక నాకు కాస్త సిగ్గేసింది. పక్కవాడి మాట పూర్తిగా వినడం ఇంప్రావ్‌లో మొదటి రోజు నేర్పే పాఠం. కథ తర్వాత ఎటు పోతుందోనన్న కంగారు వదిలేయమన్నది రెండో పాఠం. ఆ రెండూ ఈ నాటకంలో ముందే ఉన్నాయి. మేం వదిలేసింది మూడోదాన్ని. ఎగతాళి మొదట తినేది దాన్నే. అవతలివాడికీ ఒక న్యాయం ఉందని ఒప్పుకున్న క్షణాన వాణ్ణి వెక్కిరించడం కష్టమైపోతుంది.

కీత్ జాన్‌స్టోన్ 1979లో అచ్చయిన 'ఇంప్రో' పుస్తకంలో స్టేటస్ గురించి ఒక పెద్ద అధ్యాయం రాశాడు. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ప్రతి మాటా, కూర్చునే తీరూ, చూసే చూపూ ఒకర్ని ఎత్తుతుంది, ఒకర్ని దించుతుంది. స్టేజీ మీద రక్తి కట్టేది ఆ ఎగుడుదిగుడే అంటాడు. అది చదువుతుంటే నాకు పడక సీను గుర్తొచ్చింది. దుర్యోధనుడు ముందొచ్చి తల వైపు కూర్చుంటాడు, అర్జునుడు తర్వాతొచ్చి కాళ్ల వైపు ఉంటాడు. కృష్ణుడు కళ్లు తెరిస్తే ముందు కనపడేది కాళ్ల దగ్గరున్నవాడు. ఎత్తయిన చోటు కోరుకున్నవాడు ఓడిపోయాడు. స్టేటస్ గురించి ఇంతకంటే చిన్న పాఠం నాకెక్కడా దొరకలేదు. మన ఊళ్లలో జనం దాన్ని రాత్రంతా మేలుకుని చూశారు, పేరు మాత్రం పెట్టుకోలేదు.

ఇంకో చిక్కుంది. ఎదుటివాడు ఏమిచ్చినా 'అవును' అని, దానికి ఇంకొంచెం చేర్చాలన్నది ఇంప్రావ్ సూత్రం. రాయబారానికి ప్రాణమేమో 'కాదు' అన్న మాట. మరెలా? పాత్ర కాదంటుంది, నటుడు అవునంటాడు. కృష్ణుడు అయిదూళ్లకి దిగాడంటే, ఆ దిగడం ఎంత పెద్దదో దుర్యోధనుడికి అర్థమైనట్టు మనకి కనపడాలి. అర్థమయ్యాక కాదనాలి. పార్కింగ్ ఆటలో నేను వినకుండానే కాదన్నాను. అందుకే అది తిరస్కారం కాలేదు, ఊరికే అరుపైంది.

మన పద్యనాటకానికి ఇంప్రావ్ బయటినుంచి వచ్చిన చుట్టం కూడా కాదు. కృష్ణరాయబారం పద్యాలు ఇంటింటికీ చేర్చిన తిరుపతి వేంకట కవులు ఎవరు? అవధానులు. వందమంది పృచ్ఛకుల మధ్య కూర్చుని అప్పటికప్పుడు పద్యం చెప్పిన జంట. అవధానంలో సమస్యాపూరణం ఉంటుంది కదా. అర్థం లేనట్టో, అనకూడనిదన్నట్టో కనపడే ఒక పాదం ఇస్తారు. అవధాని దాన్ని చూసి నవ్వి ఊరుకోడు. మిగతా పాదాలు కట్టి, ఆ వంకర పాదాన్నే న్యాయమైన మాటగా తిప్పేస్తాడు. సభ చప్పట్లు కొట్టేది అందుకు.

'పార్కింగ్' అన్న అరుపు మాకిచ్చిన సమస్య. మేం దాన్ని పూరించలేదు. సమస్యనే మళ్లీ మళ్లీ గట్టిగా చదివి నవ్వించాం.

నవ్వు కోసం చేర్చుకుంటూ పోతే ఏమవుతుందో చెప్పడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. కాళ్లకూరి నారాయణరావు చింతామణిని సంస్కరణ నాటకంగా రాశారు. దశాబ్దాల తరబడి స్టేజీ మీద సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ మూలంలో లేని మోటు మాటలు పేరుకుంటూ వచ్చాయి. ఒక్కొక్క నటుడూ తన వంతు చేర్చాడు. జనం ఆ ముక్కల కోసమే వచ్చేదాకా పోయింది. ఆర్యవైశ్యుల అభ్యంతరాల తర్వాత 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్నే నిషేధించింది. నిషేధం నాకు ఇష్టం లేదు, ఏ నాటకానికైనా. కానీ అప్పటికప్పుడు పుట్టే మాటంటే స్వేచ్ఛ అని మాత్రమే చెప్పుకునే మాబోటివాళ్లు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆశువుగా అన్న మాట గాల్లో కలిసిపోదు. నవ్వు వస్తే రేపు మళ్లీ అంటాం. ఎల్లుండికి అదే నాటకమవుతుంది. ఆ నవ్వు ఎవరి మీదన్నది అప్పుడు అడిగినా లాభం ఉండదు.

రెండో ఆటకి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. దొంగరాగం తీయకూడదు. పద్యం చెప్తే నిజం పద్యమే, లేకపోతే మామూలు మాట. ఉత్పలమాలా శార్దూలమూ మావల్ల కాదు కాబట్టి ఆటవెలదికి దిగాం. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. వేమన పుణ్యమా అని ఆ నడక అందరి చెవుల్లోనూ ఉంది. మూడు నెలలు మెట్రోలో, లిఫ్టులో, ఆఫీసు మీటింగుల్లో వేళ్లు లెక్కపెట్టుకున్నాం. ఇంకో నియమం: ప్రేక్షకులిచ్చిన మాటని రాజ్యం స్థానంలో పెట్టకూడదు. అది కథలోకి ఒక వస్తువుగా రావాలి.

ఆ రోజు వచ్చిన మాట "దువ్వెన". నవ్వుతూనే ఇచ్చారు.

మాలో ద్రౌపది వేసిన అమ్మాయి ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. హార్మోనియం శ్రుతి ఒక్కటే వినపడుతోంది. రథమెక్కబోతున్న కృష్ణుడికి అడ్డమొచ్చి, కొప్పు విప్పి, చేతిలో లేని దువ్వెనని ఉన్నట్టే అతని చేతిలో పెట్టింది.

"సంధి కుదిరితే దీన్ని అక్కడే పారేసి రా అన్నా. నాకిక దీంతో పనుండదు."

పద్యం కాదది, మామూలు వచనం. ఎవరూ నవ్వలేదు.

జాన్‌స్టోన్ ఆశునటుణ్ణి వెనక్కి నడిచే మనిషితో పోలుస్తాడు. ముందేముందో కనపడదు, దాటొచ్చిన దారి కనపడుతుంది, అందులోంచే ఏదో ఒకటి తిరిగి తీసుకోవాలి. సభలో కృష్ణుడు అయిదూళ్లు అడిగేటప్పుడు చెయ్యి నడుం దగ్గరికి పోయింది. "ఏంటది?" అన్నాను. "దువ్వెన." "ఎవరిది?" అతను చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

పెదనాన్నగారి ప్రశ్నకి జవాబు అప్పుడు తెలిసింది నాకు. అయిదూళ్లు పెద్ద లెక్కా? కానీ ఇచ్చానంటే ఆ రోజు ఇదే సభలో జరిగింది తప్పని ఒప్పుకున్నట్టే. అది ఒప్పుకుంటే నేను రాజునే కాదు. అందుకే ఇవ్వను. తొడ కొట్టలేదు. కూర్చునే, కృష్ణుడి మొహం చూడకుండా అన్నాను.

ఇంటికెళ్లాక ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. తిక్కన ఉద్యోగపర్వంలో రాయబారానికి వెళ్లే కృష్ణుడికి ద్రౌపది తన జుట్టు చూపిస్తుందట, తనకీ సంగతి తెలీదట. కొత్తగా కనిపెట్టామనుకున్నదాని దగ్గరికి తిక్కన ఏడు శతాబ్దాల ముందే చేరుకున్నాడు. నాకైతే నిరాశ అనిపించలేదు. జానర్ ధర్మం పట్టుకుని నిజాయితీగా నడిస్తే ముందు నడిచినవాళ్ల అడుగుల్లోనే పడతాం. వేషం పట్టుకుని నడిస్తే వాళ్ల నీడని కూడా తాకలేం.

ఆట గొప్పగా ఉందని చెప్పడం లేదు. భీముడి సీను సాగింది. కర్ణుడికి ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయాడు. ఒక ఆటవెలదికి ముందు వరసలోంచి "వన్స్ మోర్" అని వినపడితే, పాడినవాడికి తను పాడింది గుర్తులేదు. పద్యనాటకంలో వన్స్ మోర్ ఒక గౌరవం. మాకది తీర్చలేని అప్పు. అదే అర్థం వచనంలో చెప్పి బయటపడ్డాడు.

ఆ ఆటకి పెదనాన్నగారు రాలేకపోయారు. ఫోన్‌లో అంతా చెప్పాను, దువ్వెన సంగతితో సహా. కాసేపు ఏం మాట్లాడలేదు.

"బాగుంది బాబూ. మరి పద్యాలు ఎన్ని చోట్ల విరిగాయి?"

"మూడు చోట్లండీ."

"ఊఁ. ఇంక ఆ సంగతి చూడండి."