విమానం లోపలినుంచి, విమానం కిందినుంచి

మ్యూజియం మీద విమర్శ రాయడం మనకి పెద్దగా అలవాటు లేదు. సినిమా మీద రాస్తాం, నవల మీద రాస్తాం. మ్యూజియం అనేసరికి టికెట్ ఎంత, ఎన్నింటికి మూసేస్తారు, పిల్లల్ని తీసుకెళ్ళచ్చా అన్న దగ్గరే ఆగిపోతాం. కానీ మ్యూజియం కూడా కథ చెప్తుంది. ఆ కథ చెప్పేవాడు ఎక్కడో ఒకచోట నిలబడే చెప్తాడు. అక్కణ్ణుంచి కొన్ని కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 విమాన మ్యూజియాన్ని ఆ దృష్టితో చూడాలని ఈ వ్యాసం.

ముందు విమానం సంగతి. ఇది సోవియట్ తయారీ. తాగన్‌రోగ్‌లో కట్టారు. సాహిత్యం చదివేవాళ్ళకి చెహోవ్ పుట్టిన ఊరంటే గుర్తుండిపోతుంది. మన నౌకాదళం ఇలాంటివి ఎనిమిది తీసుకుంది. 1988లో గోవాలో మొదలైన వీటి కొలువు, 1992లో తమిళనాడులోని అరక్కోణంకి మారింది. 2017 మార్చి 29న అక్కడే రిటైరయ్యాయి. వాటిలో ఒకటి ఏప్రిల్ 8న సొంత రెక్కల మీదే ఎగిరి విశాఖ వచ్చింది. విప్పదీసి, బీచ్ రోడ్డుకి చేర్చి, మళ్ళీ బిగించారు. అదే ఏడాది డిసెంబర్ 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు.

దాదాపు 53 మీటర్ల పొడవు, 50 మీటర్ల రెక్కలు. బీచ్ రోడ్డు మీద ఆటోలో వెళ్తున్నవాళ్ళు కూడా తల తిప్పి చూడకుండా ఉండలేరు. లోపల హాల్లో ఇంజను, ప్రొపెల్లర్, ప్రమాదమైతే సిబ్బంది ప్రాణాలు కాపాడుకోడానికి వాడే సామాన్లు, జలాంతర్గాముల జాడ పట్టే సోనోబాయ్‌లు ఉంటాయి. అవి చూశాక విమానంలోకే ఎక్కొచ్చు. బయట అంత పెద్దగా కనబడేది లోపలికెళ్తే ఇంత ఇరుకా అనిపిస్తుంది. ఈ మ్యూజియం చేసే మంచి పని అదే. ఆ ఇరుకులో పది గంటలు దాటే ప్రయాణాలు చేసిన మనుషులున్నారని ఏ ఫొటో చూసినా ఒంటికి తెలీదు. అక్కడ తల వంచి నడిస్తే తెలుస్తుంది.

ఈ విమానాల గురించి ఎక్కడ చదివినా ఒక లెక్క కనిపిస్తుంది: 29 ఏళ్ళు, ప్రమాదం లేకుండా 30,000 గంటలు. గర్వపడాల్సిన లెక్కే. కానీ ఆ 30,000 గంటల్లో ఏం జరిగింది? ఇది యుద్ధ విమానం అన్నమాట నిజమే గానీ, సినిమాల్లో చూసే రకం కాదు. దీని పని సముద్రం మీద తిరగడం, చూడటం, వినడం. వెళ్తారు, గంటలకొద్దీ గాలిస్తారు, ఏమీ దొరకదు, తిరిగొస్తారు. నిఘా ఉద్యోగంలో చాలా రోజుల ఫలితం 'ఏమీ లేదు' అన్న రిపోర్టే. ఆ రిపోర్టు కోసమే మళ్ళీ మర్నాడు వెళ్తారు.

దీన్ని మ్యూజియంలో ఎలా చూపించాలి? ఇంజను చూపించొచ్చు, రెక్క చూపించొచ్చు. ఎదురుచూపుని ఏ అద్దాల పెట్టెలో పెడతాం? విమానాల మ్యూజియం ఎక్కడికి వెళ్ళినా ఈ ఇబ్బంది ఉంటుంది. అందుకే అన్నిచోట్లా కొలతల భాష వచ్చేస్తుంది. ఎంత పొడవు, ఎంత వేగం, ఎంత బరువు, ఎన్ని హార్స్‌పవర్. కొలతలు వినగానే మనం నోరు తెరుస్తాం. నోరు తెరిచాక ఇంక ప్రశ్న అడగం.

నన్నడిగితే ఆ హాల్లో ఎక్కువసేపు నిలబడాల్సింది సోనోబాయ్ దగ్గర. నేను వెళ్ళిన రోజు జనమంతా కాక్‌పిట్ వైపు, సెల్ఫీల వైపు నడుస్తున్నారు. గొట్టంలా ఉన్న ఆ వస్తువుని చూసి ఆగడానికి కారణం ఏమీ లేదు మరి. కానీ ఈ విమానం ఎందుకు పుట్టిందో చెప్పేది అదే. విమానం దాన్ని సముద్రంలోకి జారవిడుస్తుంది. అది నీళ్ళ మీద తేలుతూ, ఒక మైకుని లోతుకి దించుతుంది. కింద వినబడిన చప్పుడుని రేడియోలో పైకి పంపుతుంది. అంటే విమానం ఆకాశంలో ఉంటుంది, దాని చెవి నీళ్ళలో ఉంటుంది. ఇంకో తమాషా ఏంటంటే, ఒక్కోటి దాదాపు 15,000 హార్స్‌పవర్ ఉన్న నాలుగు ఇంజన్లతో, ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లతో ఎగిరే ఈ విమానం ప్రపంచంలో బాగా రొద చేసే విమానాల్లో ఒకటి. అంత గోల చేసే యంత్రానికి అప్పజెప్పిన పని, చప్పుడు చెయ్యకుండా కదిలేదాన్ని వినడం.

ఇక్కడిదాకా మ్యూజియం మనకి సాయం చేస్తుంది. ఆ తర్వాత దాని హద్దు మొదలవుతుంది. మనల్ని విమానంలోకి ఎక్కిస్తుంది కాబట్టి, మనం విమానం కళ్ళతోనే చూస్తాం. కిందున్నది నీలం రంగు. ఆ నీలంలో ఎక్కడో 'శత్రువు'. ఆ శత్రువుకి మొహం ఉండదు, ఊపిరి ఉండదు. వెతికేవాళ్ళ కథ మనకి తెలుస్తుంది, వెతకబడేవాళ్ళది తెలీదు. యుద్ధ సామగ్రి మ్యూజియంలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి కదా అంటారేమో. ఉంటాయి. కానీ విశాఖ బీచ్ రోడ్డుకి ఒక అదృష్టం ఉంది. ఇక్కడ రెండో వైపు కథ రోడ్డు దాటితే దొరుకుతుంది.

విమానానికి ఎదురుగా, ఇసుక మీద, ఐఎన్ఎస్ కురుసుర ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియం అయిన జలాంతర్గామి. పొడవు 91 మీటర్లు. ఇదీ సోవియట్ తయారీయే. డీజిల్‌తో, బ్యాటరీలతో నడిచే రకం. బ్యాటరీలు ఛార్జ్ చెయ్యాలంటే డీజిల్ ఇంజన్లు నడవాలి, ఇంజన్లకి గాలి కావాలి. అందుకోసం పైకి రావాలి, లేదా కనీసం ఒక గొట్టమైనా నీటి పైకి చాపాలి. జలాంతర్గామికి అన్నిటికన్నా ప్రమాదమైన సమయం అదే. ఎందుకంటే పైన ఇలాంటి విమానం ఒకటి తిరుగుతూ ఉండొచ్చు. రోడ్డుకి ఒకవైపు వేటాడే రకం, ఇంకోవైపు వేటకి చిక్కే రకం. రెండూ మనవే, రెండూ ఒకే దేశంలో పుట్టినవే. కురుసుర లోపల ఆ సన్నటి దారిలో నడిచి, బంకుల మధ్య నిలబడి, ఇప్పుడు పైన ఆ నాలుగు ఇంజన్ల రొద వినబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. విమానంలో మీకు కలిగిన గర్వం పోదు. దాని పక్కన భయం కూడా వచ్చి కూర్చుంటుంది.

మన తెలుగు ఊహలో సముద్ర యుద్ధం అంటే 'ఘాజీ' సినిమా. అదీ 2017లోనే వచ్చింది. అందులో జలాంతర్గామికి జలాంతర్గామే జోడీ. కానీ అసలు కథలో ఒక విమాన వాహక నౌక ఉంది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పుడు అండమాన్ వైపు ఉంది. ఘాజీ విశాఖ దగ్గర మునిగిపోయింది. మన వాళ్ళు ముంచామంటారు, వాళ్ళు లోపలి పేలుడంటారు. విక్రాంత్ మీంచి ఎగిరిన సీ హాక్, ఆలిజే విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేశాయి. అంటే విశాఖ తీరం అడుగున పడున్న ఆ ఇనుము కూడా నౌకాదళ వైమానిక చరిత్రలో భాగమే. సీ హాక్, ఆలిజేలని ఇప్పుడు గోవాలో, 1998లో తెరిచిన నేవల్ ఏవియేషన్ మ్యూజియంలో చూడొచ్చు. విక్రాంత్ మాత్రం లేదు. ముంబైలో కొన్నాళ్ళు మ్యూజియంగా ఉండి, 2012లో మూతపడి, చివరికి ముక్కలైంది. ఆ ఉక్కులో కొంత బజాజ్ వాళ్ళ మోటార్‌సైకిళ్ళలోకి వెళ్ళింది. ఒక వస్తువుని దాచుకోవడం దానంతటదే జరిగే పని కాదని చెప్పడానికి ఇది చాలు. టీయూ-142ని ఊళ్ళోకి తెచ్చి నిలబెట్టినవాళ్ళకి ఆ మేరకు దణ్ణం పెట్టాల్సిందే.

అయితే ఈ ఊరికి నౌకాదళ విమానాలతో మొదటి పరిచయం 1988లోనో 1971లోనో కాలేదు. 1942 ఏప్రిల్ 6న అయింది. ముందురోజు జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. ఆ రోజు 'ర్యూజో' అనే జపాన్ విమాన వాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖ హార్బర్ వచ్చి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరిగెత్తారు. ఆ దాడికి గుర్తుగా జపాన్ బాంబు ఒకటి అదే బీచ్ రోడ్డులో, పాత డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో ఉంది. సముద్రం మీద తేలే రన్‌వే అంటే ఏంటో, మనలో ఎవరూ దాని మీంచి ఎగరకముందే, ఈ ఊరు కిందినుంచి తలెత్తి తెలుసుకుంది.

కింద నిలబడినవాళ్ళకి విమానం పొడవు తెలీదు, హార్స్‌పవర్ తెలీదు. చప్పుడు తెలుస్తుంది. ఆ చప్పుడు మనదా, వాళ్ళదా అన్న అనుమానం తెలుస్తుంది. కాక్స్ బజార్లో మన సీ హాక్‌లని విన్నవాళ్ళకీ అంతే. ఈ వైపు నుంచి చెప్పకపోతే నౌకాదళ వైమానిక చరిత్ర సగమే చెప్పినట్టు.

ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. పైనా కాకుండా, కిందా కాకుండా, ఇంట్లో కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. 2016 జులై 22న చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది. వాళ్ళలో ఎనిమిదిమంది విశాఖలోని నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు వెతికాయి, విమానాలు వెతికాయి. టీయూ-142 తర్వాతి తరం పీ-8ఐ కూడా వెతికింది. ఏమీ లేదు. 2024 జనవరిలో, మనుషులు లేకుండా నడిచే ఒక జలాంతర యంత్రం తీసిన చిత్రాల్లో, 3,400 మీటర్ల లోతున ఆ విమానం శకలాలు కనిపించాయని రక్షణ శాఖ ప్రకటించింది. ఏడున్నర ఏళ్ళు.

పైన నేను 'ఏమీ లేదు' అన్న రిపోర్టు గురించి రాశాను. నిఘా విమానంలో అది ఒక రోజు పని. ఈ ఎనిమిది ఇళ్ళలో అదే మాటతో ఏడున్నర ఏళ్ళు గడిచాయి. సముద్రం మీద వెతకడం ఎంత కష్టమో, వినడం ఎంత కష్టమో కొలతల బోర్డు చెప్పలేదు. ఈ సంగతి తెలిసి సోనోబాయ్ ముందు నిలబడితే కొంచెం అర్థమవుతుంది.

ఒక విమాన మ్యూజియాన్ని ఇన్ని అడగడం న్యాయమేనా అని మీరు అడగొచ్చు. వాళ్ళు విమానం చూపిస్తామన్నారు, చూపించారు. 1942 బాంబు ఇంకో మ్యూజియం పని, జలాంతర్గామి ఇంకో మ్యూజియం పని. నిజమే, ఆఫీసు లెక్కల్లో అవి వేర్వేరు. చూసేవాడి కాళ్ళకి మాత్రం అది ఒకే రోడ్డు. నేనడుగుతున్నది కొత్త భవనం కాదు, కోట్ల ఖర్చు కాదు. విమానం దిగగానే 'ఎదురుగా కురుసుర ఉంది, అందులోకెళ్ళి ఈ విమానాన్ని ఊహించండి' అని ఒక మాట. 'ఈ తీరం మీద 1942లో బాంబులు పడ్డాయి, ఆ బాంబు ఫలానా చోట ఉంది' అని ఇంకో మాట. తెలుగులో, పెద్దక్షరాల్లో. స్కూలు పిల్లలు ఎక్కువగా వచ్చే చోటు కాబట్టి ఇది అవసరం. పదేళ్ళ పిల్లాడు విమానం లోపలినుంచి మాత్రమే యుద్ధాన్ని చూసి ఇంటికెళ్తే, యుద్ధమంటే ఎప్పుడూ మనం పైన ఉండి, వాళ్ళు కింద ఉండే వ్యవహారం అనుకునే ప్రమాదం ఉంది.

ఆ బోర్డులు వచ్చేలోగా మనమే వరస మార్చుకోవచ్చు. విశాఖ వెళ్తే ముందు విశాఖ మ్యూజియంకి వెళ్ళి ఆ బాంబు చూడండి. తర్వాత కురుసుర ఎక్కండి, కాసేపు మాట్లాడకుండా నిలబడండి. విమానం చివర్న చూడండి. అప్పుడు దాని రెక్కల కింద నిలబడి పైకి చూస్తే, అది మన విమానమే అన్న గర్వంతో పాటు, దాని చప్పుడు ఇంకెవరికి ఎలా వినబడి ఉంటుందో కూడా గుర్తొస్తుంది. సెల్ఫీ ఆ తర్వాత తీసుకోండి, ఎవరూ వద్దనరు.